ఓడకుండుట యను విద్య: టిగ్రాన్ పెట్రోసియన్ చదరంగ జీవితము

చదరంగము మన దేశమున పుట్టిన ఆట. రథ గజ తురగ పదాతులను చతురంగ బలముల పేరే దానికి పేరైనది. ఆ ఆట పారశీక దేశమునకు పోయి ‘చత్రంగ్’ అయ్యెను. కాకసస్ పర్వతములకు దక్షిణమున నివసించు ఆర్మేనియనుల భాషలో ‘చత్రక్’ అయ్యెను. మాట పోయిన త్రోవనే ఆటయు పోయెను. అట్లు పోయిన ఆట ఇరువదవ శతాబ్దమున ఒక చిన్న జాతికి ఏ విధముగ గౌరవచిహ్నమయ్యెనో, ఆ జాతిలో పుట్టిన ఒక సోవియట్ గ్రాండ్ మాస్టరు జీవితమును ఆధారముగ గొని వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఆయన టిగ్రాన్ వర్తానోవిచ్ పెట్రోసియన్. 1963 మొదలు 1969 వరకు ప్రపంచ చదరంగ విజేతగా నుండెను.

ఈ సంపుటమును చదువువారికి ఆయన కథ ఆసక్తికరమగుటకు వేరొక కారణమును కలదు. పెట్రోసియన్ ఆర్మేనియాలో పుట్టలేదు, ఆర్మేనియాలో మరణింపలేదు. పొరుగున నున్న జార్జియాలో, తరతరములుగా అచ్చట స్థిరపడిన ఆర్మేనియను సమాజమున పుట్టి, మాస్కోలో జీవించి, అచ్చటనే కన్నుమూసెను. ఆయన యెరెవాన్ నగరమున కాపురమున్నది కొలది కాలమే. ఐనను ఆర్మేనియనులు ఆయనను తమ ఇంటి బిడ్డగా భావించిరి. స్వభాషా ప్రాంతమునకు వెలుపల పుట్టిన ప్రతిభ ఆ జాతికి ఎట్లు దక్కినది, దానిని ఆ జాతి ఎట్లు నిలుపుకొన్నది అను ప్రశ్న, అన్య ప్రాంతములందు తరతరములుగా నివసించుచున్న మనకు పరాయి ప్రశ్న కాదు.

బాల్యము, విద్యాభ్యాసము

పెట్రోసియన్ 1929వ సంవత్సరము జూన్ 17వ తేదీన జార్జియా రాజధానియగు తిఫ్లిస్ నగరమున జన్మించెను. ఆ నగరమునే నేడు త్బిలిసీ అనుచున్నారు. తండ్రి అచ్చటి సైనికాధికారుల భవనమునకు కాపలాదారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున తలిదండ్రులిరువురును మరణించిరి. దిక్కులేని బాలుడు పొట్ట పోసికొనుటకు వీధులు ఊడ్చెను. ఆ కష్టకాలముననే వినికిడి మందగింప నారంభించెను. ఆ లోపము జీవితాంతము ఆయనను విడువలేదు. పెద్దవాడైన పిమ్మట చెవికి వినికిడి యంత్రము తగిలించుకొని ఆడుచుండెను.

సోవియట్ దేశములోని నగరములందు బాలబాలికలకు ఆటలును కళలును నేర్పు పయొనీర్ భవనములు ఉండెడివి. తిఫ్లిస్ లోని అట్టి భవనమున అర్చిల్ ఎబ్రలిద్జే అను జార్జియను ఉపాధ్యాయుడు ఈ బాలునికి చదరంగము నేర్పెను. పటాటోపముగ దాడిచేయుటను ఆ గురువు మెచ్చువాడు కాడు. ప్రతి ఎత్తునకును కారణము చెప్పగలుగవలెననియు, స్థితిని పరిశీలింపక సాహసింపరాదనియు ఆయన బోధ. క్యూబా దేశీయుడగు కాపాబ్లాంకా ఆటయందలి సరళత, రీగాలో పుట్టిన నిమ్‌జోవిచ్ సిద్ధాంతములు ఆ బోధనకు మూలములు. నిమ్‌జోవిచ్ గ్రంథమును పెట్రోసియన్ పారాయణ గ్రంథముగ చదివెను. ఒక్క సంవత్సరము శిక్షణ పొందిన పిమ్మట, తిఫ్లిస్ నగరమునకు వచ్చి ఒకేసారి పెక్కుమందితో ఆడిన గ్రాండ్ మాస్టరు ఫ్లోర్‌ను ఈ బాలుడు ఓడించెను.

1946లో పెట్రోసియన్ యెరెవాన్ నగరమునకు పోయి ఆ యేడే ఆర్మేనియా విజేత యయ్యెను. సోవియట్ బాలుర పోటీలోను ఆ సంవత్సరమే ప్రథమస్థానము పొందెను. అనంతరము 1949లో మాస్కో చేరెను. గొప్ప ఆటగాండ్రందరును ఉన్న ఆ నగరమున నిలిచినవాడే ప్రపంచమున నిలుచును. 1951 సోవియట్ ఛాంపియన్ షిప్‌లో కెరెస్ తరువాత గెల్లర్‌తో కూడ ద్వితీయస్థానమును పంచుకొనెను. 1952లో స్టాక్‌హోంలో జరిగిన పోటీలో రాణించి గ్రాండ్ మాస్టరు బిరుదు పొందెను. ఇట్లు ఒక ఊరు గురువును, ఒక ఊరు గుర్తింపును, ఒక ఊరు రంగస్థలమును ఇచ్చెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను ఆయన కథ వేరుగ నుండెడిది.

నివారణ విద్య

పెట్రోసియన్ ఆటను గూర్చి లోకమున రెండు అభిప్రాయములు ఉండెను. కొందరు అది నిస్సారమనిరి. మరికొందరు అందు మిక్కిలి లోతు కలదనిరి. ఈ భేదమునకు కారణము తెలియవలెనన్న ఆయన పద్ధతిని కొంత గ్రహింపవలెను.

సామాన్యముగ ఆటగాడు ఎత్తు వేయుటకు ముందు “నేనేమి చేయగలను?” అని యోచించును. పెట్రోసియన్ మొదటి ప్రశ్న “ఎదుటివాడు ఏమి చేయదలచినాడు?” అనునది. ప్రత్యర్థి తలంపు ఇంకను రూపు దాల్చకముందే దానికి త్రోవ లేకుండ జేయుట ఆయన విధానము. వైద్యములో రోగము వచ్చిన పిదప మందిచ్చుట యొకటి. రోగము రాకుండ కాచుట యొకటి. పెట్రోసియన్ రెండవ తెగ వైద్యుడు. అందుచేతనే చూచువారికి ఆయన ఆటలో ఏమియు జరుగనట్లు తోచుచుండెను. జరుగవలసిన అపాయము జరుగకపోవుట కంటికి కనబడునది కాదు గదా!

ఇందుకొక చిన్న ఉదాహరణము. మంత్రివైపు భారతీయ రక్షణ అను ప్రారంభమున, తెల్లబలములవాడు నాలుగవ ఎత్తుగ ఎడమ చివరి బంటును ఒక్క గడి ముందుకు జరుపు పద్ధతికి నేటికిని పెట్రోసియన్ పేరు గలదు. ఆ ఎత్తు ఎవరిని బెదరింపదు, దేనిని గెలువదు. అది నల్లశకటు వచ్చి నిలువగల ఒక గడిని ముందుగనే మూసివేయును, అంతే. ఈ అల్పమైన ఎత్తును పిమ్మట 1980 ప్రాంతమున యువకుడగు కాస్పరోవ్ చేపట్టి, మెరపుదాడులకు పునాదిగ చేసికొనెను. రక్షణ కొరకు పుట్టిన ఎత్తు దాడికి సాధనమైనది. మంచి రక్షణ స్వేచ్ఛను తగ్గింపదు, పెంచునని ఇది నిరూపించుచున్నది.

రెండవ ఉదాహరణము 1953లో జ్యూరిచ్ నగరమున రెషెవ్‌స్కీతో ఆడిన ఆట. చదరంగములో బంటును ఒకటిగ లెక్కించిన యెడల గుర్రమునకును, ఐమూలగ నడచు శకటునకును మూడేసి, నిలువుగను అడ్డముగను నడచు ఏనుగునకు ఐదు విలువ కట్టుట పరిపాటి. ఆ ఆటలో రెషెవ్‌స్కీ తెల్లబంట్లు నడుమ బలముగ నిలిచి ముందుకు రాజూచుచుండెను. పెట్రోసియన్ నల్లబలములు కదలుటకు తావు లేక ఇరుకున పడెను. అప్పుడు 25వ ఎత్తులో ఆయన తన ఏనుగును శత్రువుల శకటు చంపగల గడిలో తానై నిలిపెను. చూపరులకు అది పొరపాటువలె నుండును. కాని ఏనుగు ఖాళీ చేసిన గడి మీదుగ నల్లగుర్రము నడుమకు చేరి, శత్రువుల బంట్లకు అడ్డముగ కదలని గోడవలె నిలిచెను. ఏనుగు పోయినను కోట దక్కెను. 41వ ఎత్తున ఆట డ్రాగా ముగిసెను.

ఏనుగునిచ్చి చిన్న బలమును పుచ్చుకొను ఇట్టి త్యాగములు పూర్వమును కలవు. కాని అవి దాడికొరకు చేసినవి. నెమ్మదియైన స్థితిలో, రక్షణకొరకు, వెంటనే ఫలము కనబడకున్నను త్యాగము చేయుట పెట్రోసియన్ వలన ఒక శాస్త్రముగ స్థిరపడెను. వస్తువు వెల సందర్భమునుబట్టి మారుననునది దాని సారము.

విజేతగా ఆరు సంవత్సరములు

ఎంత ముందుచూపు గలవాడైనను మానవుడు మానవుడే. 1956లో ఆమ్‌స్టర్‌డామ్ పోటీలో బ్రాన్‌స్టెయిన్‌తో ఆడుచు, గెలుపు చేతికందిన స్థితిలో, తన మంత్రిపైకి వచ్చిన గుర్రమును గమనింపక మంత్రిని పోగొట్టుకొని ఓటమి నంగీకరించెను. ఆటయంతయు ఎదుటివాని కదలికలను కట్టివేసినవాడు ఒక్క ఎత్తును చూడలేదు! ఈ దెబ్బకు ఆయన క్రుంగిపోలేదు. 1959లోను 1961లోను సోవియట్ ఛాంపియన్ అయ్యెను.

1962లో కరీబియన్ సముద్రములోని కురసావో దీవిలో ప్రపంచ విజేతను ఎదిరింపదగినవానిని నిర్ణయించు పోటీ జరిగెను. పెట్రోసియన్ 27 ఆటలలో ఎనిమిదింటిని గెలిచి, పందొమ్మిదింటిని డ్రా చేసి, ఒక్కటియు ఓడక 17½ పాయింట్లతో ప్రథముడయ్యెను. కెరెస్, గెల్లర్ 17 పాయింట్లతో వెనుక నిలిచిరి. ఐతే ఈ ముగ్గురును తమలో తాము ఆడిన 12 ఆటలును డ్రాలే. వానిలో పెక్కు చాల త్వరగ ముగిసినవి. సోవియట్ ఆటగాండ్రు ముందుగ కూడబలుకుకొనిరని అమెరికా దేశపు ఫిషర్ బహిరంగముగ నిందించెను. తరువాత ప్రపంచ చదరంగ సమాఖ్య ఆ పద్ధతిని మార్చి, ఎదిరింపువాని ఎన్నికకు ఇద్దరిద్దరి నడుమ పోటీలను ప్రవేశపెట్టెను. ఈ సంగతిని దాచుట చరిత్రకారునకు తగదు. శక్తిని పొదుపుచేసికొనుట పెట్రోసియన్ స్వభావమే యైనను, ఆ డ్రాలు ఆయన విజయముపై నీడగ నిలిచినవి.

1963 మార్చి మొదలు మే వరకు మాస్కోలో బొట్విన్నిక్‌తో ప్రపంచ ఛాంపియన్ షిప్ పోటీ జరిగెను. బొట్విన్నిక్ సామాన్యుడు కాడు. 1957లో స్మిస్లోవ్‌కును, 1960లో తాల్‌కును బిరుదును కోల్పోయి, మరుసటి సంవత్సరమే మరల పోటీపడి తిరిగి గెలుచుకొన్నవాడు. పెట్రోసియన్ మొదటి ఆట ఓడెను. ఐదవ ఆట గెలిచి సమము చేసెను. పిదప క్రమక్రమముగ ముందునకు సాగి, 22 ఆటలలో ఐదు గెలిచి, రెండు ఓడి, పదునైదు డ్రా చేసి, 12½–9½ తో జయించెను. ఓడిన విజేత మరల పోటీ కోరు హక్కు అప్పటికి రద్దయినందున బొట్విన్నిక్‌కు ఈసారి మరల అవకాశము కలుగలేదు.

1966లో స్పాస్కీ ఎదిరించెను. ఆ పోటీలోని పదియవ ఆట, పెట్రోసియన్‌కు దాడి రాదన్నవారికి సమాధానము. చిన్న బలములకు రెండు ఏనుగుల నర్పించి, తుదకు 30వ ఎత్తున మంత్రినే శత్రురాజు చెంత నిలిపెను. మంత్రిని చంపిన యెడల గుర్రపు టెత్తుతో సర్వమును తిరిగి వచ్చునని గ్రహించి స్పాస్కీ ఓటమి నొప్పుకొనెను. 12½–11½ తో పెట్రోసియన్ బిరుదును నిలుపుకొనెను. 1934లో ఆలెఖిన్ తరువాత, బిరుదు నిలుపుకొనుటకు ఆడిన పోటీని డ్రా చేయక గెలిచిన ప్రపంచ విజేత ఆయనయే. 1969లో స్పాస్కీ మరల వచ్చి 12½–10½ తో బిరుదును గైకొనెను.

బిరుదు పోయిన పిదపను ఆయన క్షీణింపలేదు. 1969లోను 1975లోను సోవియట్ ఛాంపియన్ అయ్యెను. 1971లో బ్యూనస్ ఏర్స్ నగరమున, తైమనోవ్‌ను, లార్సెన్‌ను ఆరేసి ఆటలలో సున్నకు ఓడించి వచ్చిన ఫిషర్‌ను రెండవ ఆటలో ఓడించి, అతని వరుస విజయములను ఆపెను. ఐదు ఆటలు ముగియునప్పటికి ఇరువురును సమముగ నుండిరి. కాని తుది నాలుగు ఆటలను ఫిషర్ గెలిచి 6½–2½ తో జయించెను. 1974, 1977, 1980 సంవత్సరములందు కోర్చ్నొయ్ చేతిలో వరుసగ ఓడిపోయెను.

లాభనష్టముల లెక్క

పది ఒలింపియాడులలో, అనగా 1958 మొదలు 1978 వరకు, సోవియట్ జట్టున ఆయన 129 ఆటలు ఆడెను. 78 గెలిచెను; 50 డ్రా చేసెను; ఓడినది ఒక్కటే. అదియు 1972లో స్కోప్యే నగరమున, జర్మనీ ఆటగాడు హూబ్నర్‌తో ఆడుచు, కాలము మించుటచేత. “ఉక్కు టిగ్రాన్” అను పేరు ఆయనకు ఊరక రాలేదు.

కాని ఓడకుండు విద్యకును ఒక వెల యుండును. 1971లో కోర్చ్నొయ్‌తో ఆడిన పది ఆటలలో తొమ్మిది డ్రాలు, గెలుపు ఒక్కటి. అంతకుముందు హూబ్నర్‌తో ఏడు ఆటలలో ఆరు డ్రాలు. అట్టి జాగ్రత్త పోటీలను గెలిపించినను, పెక్కుమంది పాల్గొను పోటీలలో ప్రథమస్థానమును దూరము చేసెను. అపాయమునకు వెరచి అవకాశమును వదలుకొన్న ఆటలు ఆయనకును కలవు. నివారణ విద్యకు హద్దు ఇదియే: అన్నింటిని కాచుకొనువాడు కొన్నింటిని పొందలేడు. పదియవ ఆటవంటి విజయములందు ఆయన ఈ హద్దును దాటెను. కావుననే అవి నేటికిని చదువదగినవిగ నున్నవి.

ఆయన ఆటగాడు మాత్రమే కాడు. 1968లో యెరెవాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయము నుండి, చదరంగ చింతనలోని తర్కమును గూర్చిన పరిశోధనకు తత్త్వశాస్త్రమున పట్టము పొందెను. “64” అను చదరంగ వారపత్రికకు 1968 మొదలు 1977 వరకు సంపాదకుడుగ నుండెను.

ఒక జాతికి దక్కిన వారసత్వము

1915 నాటి మారణకాండలో ఆర్మేనియనులు అపారముగ నష్టపోయిరి. బ్రదికినవారు పలు దేశములకు చెదరిపోయిరి. 1963లో పోటీ జరుగుచుండగా యెరెవాన్ నగరమున పెద్ద పలకలపై ఎత్తులను చూపుచుండిరి. జనులు గుంపులుగ నిలిచి చూచిరి. దాడిచేసి జయించిన వీరుడు కాక, ఎంత ఒత్తిడి కలిగినను కూలకుండ నిలిచినవాడు వారికి వీరుడయ్యెను. ఆయన పేరును ప్రాచీన ఆర్మేనియా చక్రవర్తి టిగ్రాన్ పేరే యగుట వారి ఉత్సాహమును ఇనుమడింపజేసెను.

అంతటితో ఆగియుండిన యెడల అది ఒక పండుగ మాత్రమే యయ్యెడిది. కాని ఆ ఉత్సాహము భవనముగ, పాఠముగ మారెను. 1970లో యెరెవాన్ నగరమున చదరంగ భవనము వెలసెను. ముక్కోణాకారమున నున్న ఆ కట్టడమునకు శిల్పి జాన్నా మెష్చెర్యకోవా. 1984 ఆగస్టు 13వ తేదీన పెట్రోసియన్ మాస్కోలో ఉదరకాన్సరు వ్యాధితో మరణించెను. వయస్సు 55 సంవత్సరములు. ఆ యేడే ఆ భవనమునకు ఆయన పేరు పెట్టిరి. మాస్కోలోని ఆర్మేనియను శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. 1987లో కాస్పరోవ్ ఆవిష్కరించిన అచ్చటి శిలపై అరరాత్ పర్వతపు జంట శిఖరములును, వానిపై సూర్యబింబమును చెక్కబడియున్నవి. యెరెవాన్ నుండి కనబడుచు, ఐనను సరిహద్దునకు ఆవల నుండు పర్వతమది. ఊరి వెలుపల బ్రదికినవాని సమాధికి అంతకన్న తగిన గురుతు ఉండదు.

1984 సెప్టెంబరులో యెరెవాన్ నగరమున జన్మించిన ఒక శిశువునకు టిగ్రాన్ పెట్రోసియన్ అని ఆ విజేత పేరే పెట్టిరి. ఆ శిశువు పెరిగి గ్రాండ్ మాస్టరయ్యెను. ఇంచుమించు ముప్పది లక్షల జనాభా గల ఆర్మేనియా 2006, 2008, 2012 సంవత్సరములందు ఒలింపియాడులో స్వర్ణపతకము గెలిచినది. చివరి రెండు జట్లలోను ఆ రెండవ టిగ్రాన్ కలడు. 2002లో చదరంగ అకాడమీ ఏర్పడెను. 2011 నుండి ప్రాథమిక పాఠశాలలందు రెండు, మూడు, నాలుగు తరగతుల పిల్లలకు చదరంగమును పాఠ్యవిషయముగ నిర్బంధము చేసిరి. 2018లో వెలువడిన 2000 ద్రాముల నోటుపై పెట్రోసియన్ రూపము ముద్రింపబడెను.

ఐనను ఏ వారసత్వమును తనంతట తాను నిలువదు. ఆ మూడు స్వర్ణపతకముల జట్లకు నాయకమణియైన అరోనియన్ 2021లో అమెరికా పక్షమున ఆడ నిశ్చయించుకొనెను. ప్రతిభావంతుడు వెడలిపోవచ్చును, పాఠశాలలో ఏడేండ్ల పిల్లవాని ముందు పరచిన బల్ల వెడలిపోదు. వ్యక్తిని నమ్ముకొన్న వారసత్వమునకును, వ్యవస్థను నమ్ముకొన్న వారసత్వమునకును భేదమిదియే.

మనవారు పలుచోట్ల పెద్దల విగ్రహములను నిలుపుచున్నారు, జయంతులను జరుపుచున్నారు. అవి కావలసినవే. కాని పెట్రోసియన్ జీవితము అడుగునది వేరొక ప్రశ్న. తిఫ్లిస్ వీధులూడ్చిన ఆ అనాథ బాలునికి ఒక తలుపు తెరచియుండెను. ఆ తలుపు లోపల, తన భాషవాడు కాని బాలుని చేరదీసిన ఒక ఉపాధ్యాయుడుండెను. పోగొట్టుకొనకముందే కాచుకొనుమని ఆ ఉపాధ్యాయుడు నేర్పిన విద్య ఒక మనిషిని ప్రపంచ విజేతగ చేసెను. భాషయైనను, కళయైనను, ఆటయైనను, పోయిన పిదప వగచుట సులభము. పోకముందు దానికొక గదిని, ఒక గురువును, ఒక గంట కాలమును కేటాయించుట కష్టము. ఆర్మేనియనులు ఆ కష్టమునకు సిద్ధపడిరి. వారి టిగ్రాన్ చదరంగపు బల్లపై చేసినదియు అదియే.